ఆముదం లేని వరస

కృపను కొట్టింది మేనేజరు కాదు, వాచ్‌మన్ కాదు. పదకొండేళ్లుగా ఆమె పక్కనే కూర్చుని జీడిపిక్కలు కొడుతున్న ఆడవాళ్లే. 2005 మే నెల, మిట్టమధ్యాహ్నం. పలాసలో మా ఇంటికీ ఆ ఫ్యాక్టరీకీ ఒక్క గోడే అడ్డం. మేడమీద మిరపకాయలు ఎండబెడుతూ అంతా చూశాను. ఇద్దరు జబ్బలు పట్టుకున్నారు. కళావతి ఆమె కుడిచేతిని మణికట్టు దాకా తొక్కనూనె డబ్బాలో ముంచింది.

"తిను! ఇంకా తినే పప్పు!"

జీడిపిక్క తొక్కలోంచి వచ్చే ఆ నల్లటి నూనె చర్మాన్ని ఉడికించేస్తుంది. కృప అరుపుకు మా గోడమీది కాకులు లేచిపోయాయి. నేను మాత్రం లేవలేదు.

ఆరు పప్పులు తిన్నందుకు ఆ శిక్ష. దొంగతనం నిజమే. సుమ్మాదేవి నుంచి తెల్లవారుజాము ప్యాసింజరు రైల్లో ఖాళీ కడుపుతో వచ్చింది, తినేసింది. పిక్క కొట్టేవాళ్లకు చేతులకు రాసుకోవడానికి ఫ్యాక్టరీ ఆముదం ఇస్తుంది. అది లేకపోతే అరచేతులు పొరలు పొరలుగా ఊడివస్తాయి. కొత్త రూలు ఏమిటంటే, వరసలో ఒక్కరు పప్పు తింటే ఇరవై మందికీ మూడు రోజులు ఆముదం బంద్. రెండో రోజుకే కృప కూర్చునే ఐదో వరస చేతులు మండి, ఆమె మీద పడ్డాయి.

ఆ రూలు పెట్టింది కొత్త మేనేజరు శ్రీనివాస్, మా మరిది. అందుకు ముడిసరుకు అందించింది నేను.

బీఎస్సీ జువాలజీ చదివి, ఆ చదువును పదిహేనేళ్లుగా పోపులడబ్బా పక్కన దాచుకున్నదాన్ని. ఒక పత్రికలో వచ్చిన సైన్సు వ్యాసాన్ని ఉప్మాతో పాటు వాడికి వడ్డించాను. మనుషులు కలిసి బతకడం ఎలా సాధ్యమో శాస్త్రవేత్తలు మెదడులో వెతికారట. అందరి కష్టాన్నీ ఒక్కడు కాజేస్తే, మనకు నష్టమొచ్చినా సరే వాణ్ణి శిక్షించాలనిపిస్తుంది. శిక్షించేటప్పుడు, ఇష్టమైనది దొరికితే మెదడులో ఏ చోటు మేలుకుంటుందో అదే మేలుకుంటుందట.

"అయితే వదినా, వాచ్‌మన్ దండగన్నమాట" అన్నాడు వాడు, మారు వడ్డించుకుంటూ. నేను నవ్వాను కూడా.

నాలుగో రోజుకు కృప చేయి పుచ్చింది. ఆసుపత్రిలో రెండు వేళ్లు తీసేశారు. దొంగకు బుద్ధి చెప్పినందుకు ఐదో వరసకు శ్రీనివాస్ పెద్ద గిన్నెతో ఆముదం ఇచ్చి, షెడ్డంతా చప్పట్లు కొట్టించాడు.

అన్నాల వేళ ఆ వరసవాళ్లు మా కుళాయికి నీళ్లకొస్తారు. ఆ రోజు పత్రిక తెచ్చి చదివి వినిపించాను. ఇది వాడికిచ్చింది నేనేనని కూడా చెప్పాను. అందరిలోకీ పెద్దామె జీవరత్నమ్మ చెంబు కింద పెట్టింది.

"మెదడూ లేదు, గిదడూ లేదు. మనం సేసింది పాపం. పెబువుకి సెప్పుకోవాల."

"ముందు కృపకి సెప్పాల పిన్నీ" అంది కళావతి. "అమ్మగోరు సదివింది నిజిం. నాకు తియ్యగానే ఉండింది. దాని సెయ్యి ముంచినపుడు, మావోడు నన్ను తన్నిన తన్నులన్నీ తీరిపోయినట్టనిపించింది."

అందరిలోకీ చిన్నది గౌరి నావైపు తిరిగింది.

"అయితే అమ్మగోరూ, ఆ తీపి పెద్దోల్ని శిచ్చిత్తే రాదేటి? ఆరు పప్పులు తిన్నదాన్ని కాల్చినాం. ఇరవై మంది సేతులు తిన్నోడినేటి సెయ్యాల?"

"వస్తుంది. కానీ నష్టం కూడా పెద్దదే వస్తుంది."

"సర్మవే లేదు. ఇంకేటి పోద్ది?"

"పని పోద్ది!" జీవరత్నమ్మ లేచింది. "నా మనవరాలి మందులు పోతాయి. నీకేటే గుంటా, ఒంటిదానివి!"

"పోతాయి పిన్నీ" అంది కళావతి. "బయవైతే ఇంటికెలిపో. నిన్నైతే కొట్టం. ఇంక మనలో ఎవుల్నీ కొట్టం."

ముసలామె కాసేపు నిలబడి, మళ్లీ కూర్చుంది. కలిసికట్టుగా ఉన్నప్పుడూ మెదడులో ఆ చోటే మేలుకుంటుందని రెండో పేజీలో రాశారు. మా మరిది మొదటి పేజీతోనే లేచి వెళ్లిపోయాడు.

మర్నాడు ఐదో వరస పనిలోకి వెళ్లలేదు. ఆముదం గిన్నెను గేటు ముందు పెట్టి చుట్టూ కూర్చుంది. అడిగింది మూడే: కృపకు న్యాయం చెయ్యాలి, ఒకరి తప్పుకు వరసను కాల్చడం ఆపాలి, అందరికీ రోజూ ఆముదం ఇవ్వాలి. మధ్యాహ్నానికి మిగతా వరసలూ లేచి వచ్చాయి, మూడొందల మంది. నేనూ గోడ ఇవతల నుంచి అవతలికి వెళ్లాను.

శ్రీనివాస్ పోలీసులను పిలిపించాడు. తన కార్లో ఆసుపత్రి నుంచి కృపను కూడా తెప్పించాడు. చేతికి కట్టు, ఒంట్లో జ్వరం.

"ఎవరు ముంచారో చూపించు. వాళ్ల మీద కేసు పెడతారు. నీకు ఫ్యాను కింద, పప్పు ఏరే పనిస్తాను" అన్నాడు.

ఎస్సై కాగితం తీశాడు. కళావతి తప్పించుకోలేదు. ముందుకొచ్చి తలవంచుకుని నిలబడింది. కృప ఆమెను చాలాసేపు చూసింది. ఆ చూపులో క్షమ ఏమీ లేదు. తర్వాత కట్టుకట్టిన చేతిని ఎత్తి శ్రీనివాస్ వైపు చాపింది.

"ఈ బాబే."

ఎస్సై నవ్వాడు. "ఈయన నిన్ను ముట్టుకున్నాడేంటే?"

"ముట్టలేదు బాబూ. ఈళ్ల సేతుల్తో ముంచినాడు."

"ముంచిన సెయ్యి నాది" అంది కళావతి. "ముంచేలా సేసిన రూలు ఆయనది. రెండూ రాసుకోండి."

"నాను సాచ్చికం" అంది జీవరత్నమ్మ. "నానూ", "నానూ" అని వెనక నుంచి మొదలైంది.

"వదినా, మీరు లోపలికెళ్లండి" అన్నాడు శ్రీనివాస్.

"ఆ రూలు మా వంటింట్లో పుట్టింది. నా పేరు కూడా రాసుకోండి" అన్నాను ఎస్సైతో.

అతను కాగితం మడిచేశాడు. లాఠీలు సరిగ్గా చేతుల మీదే పడ్డాయి. అడ్డం పెట్టుకోవడానికి మనిషికి ఉండేవి అవే కదా. కళావతినీ, గౌరినీ, చివరికి కృపనూ జీపులో పడేశారు. మిగిలినవాళ్లం జీపుకు ముందూ వెనకా నడిచాం.

పోలీసు స్టేషను దాకా రోడ్డుకు రెండు పక్కలా జీడి ఫ్యాక్టరీలే. జీపు ముందు నడుస్తున్న జనం వల్ల మెల్లగా కదులుతోంది. ప్రతి గేటు దగ్గరా కృప జీపు కమ్మీలకు మొహం ఆనించి అరిచింది:

"ఒలే! మీ సేతులెలాగున్నాయే?"

లోపల పిక్కలు కొడుతున్న చప్పుడు ఒక్కో షెడ్డులో ఆగిపోవడం, నడుస్తున్న మాకు స్పష్టంగా వినిపించింది.