తాడు వెంట ఊద

కమలమ్మకు కలుపంటే కోపం లేదు. ఎందుకుంటుంది? నలభై ఏళ్లుగా ఆమెకూ, ఆమె ముఠాలోని పన్నెండు మంది ఆడవాళ్లకూ తిండి పెట్టింది కలుపే కదా. ఊడ్పులు పది రోజుల్లో తేలిపోతాయి. కోతలు ఇంకో పది, పదిహేను రోజులు. మధ్యలో నెల రోజుల పాటు పేటలో పొయ్యి వెలిగేది ఊద, తుంగ లాంటి కలుపు పుణ్యమే. అందుకే ఎనభై తొమ్మిది సార్వాలో పూర్ణచంద్రరావుగారు కలుపు మందు చల్లి చూస్తానన్నప్పుడు ముఠా మొత్తానికి గుండెల్లో రాయి పడింది.

పూర్ణచంద్రరావుగారు చెరుకుపల్లికీ రేపల్లెకీ మధ్య, కాలువ కింద ఎనిమిదెకరాల ఆసామి. ఎవరో చెబితే నమ్మే రకం కాదు. తెనాలి వెళ్లి పేరున్న కంపెనీ ఎర్ర డబ్బా ఒకటి తెచ్చారు. చెరుకుపల్లిలో సీమోను కొట్టు నుంచి తెల్ల డబ్బా ఒకటి తెచ్చారు. దాని మీదా ఏదో పేరుంది గానీ, ఆ పేరు విన్నవాడు ఊళ్లో లేడు. ఎర్ర డబ్బాలు ఎనిమిదెకరాలకూ కొనడం ఆయన తరం కాదు. తెల్లది దాంతో సమానంగా పనిచేస్తే మాత్రం వచ్చే ఏటి నుంచి కలుపుకు మనుషుల్ని పిలవనని మొహం మీదే చెప్పేశారు. పనిచేయకపోతే పాత పద్ధతే.

సీమోను కమలమ్మ పేటవాడే. అతని తండ్రి పాలేరుతనం చేసి చేసి పోయాడు. కొడుకు బాపట్లలో రెండేళ్లు చదివొచ్చి కొట్టు పెట్టాడు. ఆ పేట నుంచి పురుగుమందుల కొట్టు బల్ల వెనక కూర్చున్న మొదటి మనిషి అతనే. ఆదివారం చర్చి అయ్యాక రెండు డబ్బాల చీటీలూ ఆమెకు చదివి వినిపించాడు. రెండింట్లోనూ ఉన్నది ఒకటే మందట, బ్యూటాక్లోరు, యాభై శాతం. అదేం విడ్డూరంరా, ఒకటే అయితే రెండు పేర్లెందుకని కమలమ్మ అడిగింది.

“నిజాంపట్నం ఎండుచేప రేవులో కొన్నా, తెనాలి బజార్లో కాగితంలో చుట్టించుకుని కొన్నా చేప అదే కదా పెద్దమ్మా,” అన్నాడు సీమోను.

అన్నాడే గానీ, అతనికీ లోపల బెంగగానే ఉంది. ఈ పరీక్షలో తెల్ల డబ్బా తేలిపోతే కల్తీగాడన్న పేరు పడుతుంది. అలా పేరు పడ్డ కొట్టు గడప మళ్లీ ఏ రైతూ తొక్కడు.

పరీక్ష ఎలా పెట్టాలో చెప్పడానికి బాపట్ల వ్యవసాయ కాలేజీ నుంచి వేంకటసుబ్రహ్మణ్యం గారు స్కూటర్ మీద వచ్చారు. పక్కపక్కనే మూడు మళ్లు. నీళ్లు ఒకదాన్నుంచి ఒకదానికి పోకుండా గట్లు ఎత్తు చేయించారు. ఒకదానికి ఎర్ర మందు, ఒకదానికి తెల్ల మందు, మూడోది ఏ మందూ లేకుండా ఉత్తది. పైగా తాడు పట్టి వరసల్లో నాటాలన్నారు. ఆడవాళ్లు ఒకటే నవ్వు, రైలు పట్టాలు వేస్తున్నామా ఏంటని. అయినా నాటారు.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. ఊద అచ్చం వరిలాగే ఉంటుంది. నారుమడిలో నారుతో కలిసి పెరిగి, నారు కట్టలోనే దర్జాగా పొలానికి వస్తుంది. నారు పీకేటప్పుడే ఏరి పారేయాలి. కానీ ఏ ముఠా అయినా ఓపికుంటే ఏరుతుంది, లేకపోతే లేదు. నాటేదీ మనమే, రేపు పీకేదీ మనమే, కాస్త ఊద కలిస్తే ఏం కొంప మునిగిందనుకుంటారు. మోసం చేద్దామని కాదు, అదొక అలవాటు. ఆ రోజు ఉత్త మడీ, ఎర్ర మందు మడీ పొద్దున్నే నాటేశారు. తెల్ల మందు మడికి వచ్చేసరికి మబ్బు కమ్మింది, నారు చాల్లేదు. నారుమడిలో కాలువ గట్టు పక్క మూల నుంచి గబగబా పీకి తెచ్చారు. ఆ మూలంతా ఊదే. కమలమ్మ చూసింది. చూసి కూడా, వానొస్తోంది కానివ్వండర్రా అంది.

నాటిన నాలుగో రోజున సీమోను మందును ఇసుకలో కలిపి, మళ్లలో పల్చగా నిలిపిన నీళ్లలో చల్లించాడు. ఆ తర్వాత పది రోజులకు కమలమ్మ ఒక్కతే చూడ్డానికి వెళ్లింది. ఉత్త మడిలో మామూలే, వరసల మధ్య పచ్చటి నూగులా కలుపు లేచింది. మిగతా రెండు మళ్ల దగ్గరికి వెళ్లి ఆమె గట్టు మీద అలా కూలబడిపోయింది. నీళ్ల కింద బురద కడిగిన నేలలా ఉంది. ఒక్క మొలక లేదు. పుట్టి బుద్ధెరిగాక ఆమె అలాంటి బురదను చూడలేదు. ఎంత పీకినా మర్నాటికి మళ్లీ మొలిచే ఆ మొండి కలుపు, తన వేళ్ల గోళ్లు అరగదీసిన కలుపు, ఏమైపోయింది? రెండు దోసిళ్ల మందు దాన్ని పుట్టకముందే పడుకోబెట్టేసింది. పైగా ఏది ఎర్రదో ఏది తెల్లదో చెప్పలేనంత సమానంగా. భయమేసింది, నిజమే. కానీ అంతకంటే ఎక్కువగా, చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. చీకటి పడేదాకా అక్కడే కూర్చుంది.

ఇరవయ్యో రోజు దాటాక తెల్ల మందు మడిలో ఊద తల పైకెత్తింది. వరి కంటే జానెడు ఎత్తున, గట్టు మీద నుంచి చూస్తే మడంతా అదే. ఎర్ర మడి నున్నగా ఉంది. ఊరు ఊరంతా గట్టు మీదికి చేరింది. కల్తీ సరుకని ఒకరు, పేరు లేని మందు పేరు లేనట్టే ఉంటుందని ఇంకొకరు. పూర్ణచంద్రరావుగారు మిగిలిన మందు కొట్టుకు తీసుకుపొమ్మని సీమోనుకు చెప్పి, రేపటి నుంచి కలుపుకు రమ్మని కమలమ్మతో అన్నారు. ముఠాలో నాగమ్మకు నోరు పెద్దది. మన అన్నం మనకు తిరిగొచ్చిందత్తా అంటూ కమలమ్మ వీపు మీద చరిచింది.

కమలమ్మ గట్టు మీద నిలబడి చూసింది. ఊద వంకర లేకుండా, తాడు వెంటే నిలబడి ఉంది. ప్రతి మొక్కా వరి నాటిన కుదురులోనే. వరసల మధ్య నీళ్లలో ఆకాశం తప్ప ఇంకేమీ లేదు.

ఒక్క మాట మింగేస్తే చాలు. పన్నెండు పొయ్యిలు ఎప్పట్లాగే వెలుగుతాయి. సీమోను కొట్టు మూసుకుని ఏ గుంటూరో పోతాడు. నాగమ్మ కొంగు పట్టి లాగుతూనే ఉంది. కమలమ్మ మడిలోకి దిగింది.

“అయ్యగారూ, ఈ ఊద మొలిచింది కాదండి. నాటింది. మేమే నాటామండి.”

ఎవరికీ అర్థం కాలేదు. ఆమె వంగి కళ్లు మూసుకుంది. ఒక కుదురులో వేళ్లు పెట్టి, కాడల్ని తడిమి, వరి మొక్కల మధ్య నుంచి ఒక్క ఊదనే బయటికి లాగింది. ఆకు కాడను కలిసేచోట వరికి చిన్న నాలుక ఉంటుందని, ఊదకు ఉండదని, వేలికి తెలిసిపోతుందని చెప్పింది. కాలువ మూల నారు తెచ్చిన సంగతి, చూసి కూడా ఊరుకున్న సంగతి దాచకుండా చెప్పింది. నారుతో వచ్చి నాటుకున్నదాన్ని ఏ మందూ చంపలేదంది. పుట్టబోయేదాన్ని మాత్రం రెండు మందులూ ఒకేలా చంపాయంది.

ఆమె మడిలోకి దిగినప్పుడే స్కూటర్ మీద వచ్చి ఇదంతా చూస్తున్న వేంకటసుబ్రహ్మణ్యం గారు ఆ చివరి మాటలు విని, చెప్పులు విప్పి తామూ దిగారు. రెండు మళ్లలోనూ వరసల మధ్య చేత్తో వెతికారు. ఎర్ర మడిలో ఏమీ దొరకలేదు, తెల్ల మడిలోనూ ఏమీ దొరకలేదు. తర్వాత ఆమెను మళ్లీ కళ్లు మూసుకుని ఇంకో ఊద తియ్యమని అడిగారు. తీసింది. అక్కడే బురదలో నిలబడి ఆయన పుస్తకంలో రాసుకున్నారు.

తీర్పు మారిపోయింది. వచ్చే ఏడు ఎనిమిదెకరాలకూ తెల్ల డబ్బానేనన్నారు పూర్ణచంద్రరావుగారు. నారుమడిలో ఊద ఏరడానికి మాత్రం ముఠాను పిలుస్తామన్నారు. నెల రోజుల పని రెండు రోజులకు వచ్చింది. సీమోను వచ్చి ఆమె కాళ్ల దగ్గర బురదలోనే వంగాడు. లెమ్మని కసిరింది.

అందరూ వెళ్లాక నాగమ్మ ఏడుస్తూ తగులుకుంది. “నోరు మూసుకుంటే నీ సొమ్మేం పోయేదత్తా?”

“ఆ నీళ్లకేసి చూడవే. అంత పని జరిగితే, జరగలేదని ఎలా చెప్పను?”

నాగమ్మ చూడలేదు, విసురుగా వెళ్లిపోయింది. కమలమ్మ అలవాటు కొద్దీ వంగి, వరసల మధ్య బురదలో చెయ్యి పెట్టి, పిడికిలి బిగించి పైకి తీసింది. నలభై ఏళ్లలో మొదటిసారి చెయ్యి ఖాళీగా వచ్చింది. ఆ ఖాళీ చేతినే కాసేపు చూసుకుంది. తర్వాత కాలువలో కడుక్కుని పేటకు నడిచింది.