జమ్మలమడుగు ఆర్టీఓ

నేనన్నది ఆర్టీఓ. మా అత్త విన్నదీ ఆర్టీఓనే. అక్షరం పొల్లుపోలేదు. అయినా తెల్లారేసరికి ప్రొద్దుటూరులో మా వీధి వీధంతా నన్ను చూసి లేచి నిలబడింది.

శనివారం సాయంత్రం చెనిక్కాయల చట్నీ మిక్సీకి వేసి, ఫోను స్పీకర్లో పెట్టి దిల్షాద్‌బీతో మాట్లాడుతున్నాను. దిల్షాద్‌బీ నా పుట్టినూరు జమ్మలమడుగులో నాతో చదువుకున్నది. ఇప్పుడు ఇద్దరిదీ ఒకే కొరియర్ కంపెనీ. ఆమె అక్కడ, నేనిక్కడ. నాది మామూలుగానే మిక్సీతో పోటీపడే గొంతు. మిక్సీ ఆగింది, గొంతు ఆగలేదు.

"అయిపాయ దిల్షాదూ! నన్ను ఆర్టీఓ చేసినారు. జమ్మలమడుగు ఆర్టీఓ!"

అప్పుడు నేను ఏడుస్తున్నాను. ఆ ఏడుపు వసారాలో కూర్చున్న మా అత్త వెంకటరమణమ్మకు ఆనందబాష్పాల్లాగా వినపడింది. ఆమె జీవితంలో భయపడిన ఆఫీసరు ఒక్కడే. ఎప్పుడో ముద్దనూరు రోడ్డులో మా మామ ట్రాక్టరును ఆపిన ఆర్టీఓ. ఇప్పుడా ఆర్టీఓ తన వంటింట్లో చట్నీ రుబ్బుతోంది! చెప్పులేసుకొని నేరుగా పక్కింటి ఖమర్‌బీ దగ్గరికి పోయింది.

మా కొరియర్ భాషలో ఆర్టీఓ అంటే వేరు. అది పార్సిలు మీద వేసే గుర్తు. దాని అర్థం మా ఇంట్లోవాళ్లకంటే ముందు మీకు చెబితే మర్యాదగా ఉండదు. వాళ్లతో పాటే విందురు గాని. ముందు నేనెందుకు ఏడ్చానో చెబుతాను.

పార్సిళ్లు దించి ఊళ్లకు పంచే మా హబ్‌లో నా పని కొలవడం. పార్సిలు చెప్పిన రోజుకు చేరిందా, మొదటిసారి తలుపు తట్టగానే చేతికందిందా, తిరిగొస్తే ఎందుకొచ్చింది, ఇవన్నీ పర్సెంట్లు కట్టి గోడమీది బోర్డుకు ఎక్కించాలి. ఆఫీసులో ఆన్‌టైం. ఇంటికొస్తే అదే మాట కాస్త సాగి అన్నంటైం. పొద్దున సుబ్బు, పగలు హబ్బు, సాయంత్రం మళ్లీ సుబ్బు. సుబ్బు అంటే మా ఆయన సుబ్బరాయుడు, ఎరువుల అంగడి ఆసామి. కొరియర్‌లో చేరితే కెరియర్ వస్తుందనుకున్నాను. వచ్చింది క్యారియర్. మధ్యాహ్నం అంగడికి పంపాల్సిన గిన్నెల క్యారియర్. అది ఒకే ఒక్కసారి ఆలస్యమైంది. "ఊరందరి మూటలూ టయానికి పోతాయి, మొగుని కూడు మాత్రం పోదు," అన్నాడు, అంగట్లో పదిమంది ఉండగా. ఆఫీసు బోర్డు మీద చేరినవీ లెక్కే, చేరనివీ లెక్కే. ఇంట్లో బోర్డు లేదు, చేరనివి మాత్రమే లెక్క. ఉప్పు సరిపోయిన రోజు కూర గురించి ఎవరికీ నోరు లేవదు. తగ్గిన రోజు అందరివీ నోళ్లే.

డెలివరీ అన్న మాటతో నాకు అంతకంటే పాత పగ ఉంది. నా కూతురు చందన పుట్టిన రోజు ఆసుపత్రిలో మా అత్త గుడ్డ తొలగించి చూసి, పెట్టిన ఆర్డరొకటి, వచ్చిన సరుకొకటి అన్నట్టు మళ్లీ కప్పేసింది. చందన ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. ఆ కప్పిన చెయ్యి నాకింకా కనపడుతూనే ఉంటుంది.

మా పనిలో దొంగ అటెంప్టు అని ఒకటుంది. బండి తీయకుండా, తలుపు తట్టకుండా, 'కస్టమరు వద్దన్నారు' అని ఫోనులో నొక్కేసి టీ తాగడం. ముద్దనూరు వైపు పల్లెల్లో ఇవి కుప్పలు. నేను ఆ కస్టమర్లకు ఫోన్లు చేసి, "ఎందుకొద్దన్నారమ్మా?" అంటే, "మమ్మల్ని ఎవురడిగినారు తల్లీ?" అన్నారు. పగలంతా చేలో ఉండేవాళ్ల ఇంటికి పగలు పోతే ఎవరుంటారు? బండ్లు బయల్దేరే వేళ మార్పించాను. గండికోటలో దిగిన టూరిస్టుల సంగతి మాత్రం నా వల్ల కాలేదు. ఆర్డరు పెడతారు, పార్సిలు పోయేలోగా లోయ చూసేసి బెంగళూరు పోతారు. అది తప్ప బోర్డు కళకళలాడింది. ఆ బోర్డును ఫోటో తీసుకొనిపోయి కడపలో పెద్దవాళ్లతో చప్పట్లు కొట్టించుకున్నది యశ్వంత్, నా దగ్గర పని నేర్చుకున్నవాడు. నన్నెందుకు పంపలేదంటే మా మేనేజరు ఆదినారాయణ, "చీకటి పడ్తాదమ్మా, మీకు ఇంట్లో ఇబ్బంది కదా," అన్నాడు. నా ఇబ్బందులన్నీ నాకంటే ముందు వేరేవాళ్లకు తెలుస్తాయి.

అయినా జమ్మలమడుగు హబ్‌కు ఇన్‌చార్జి కావాల్సి వచ్చినప్పుడు పైవాళ్లు మొదట రాసింది నా పేరే. ఆ సంగతి నాకు శనివారం మధ్యాహ్నం తెలిసింది, అది చెయ్యిజారిపోయిందన్న సంగతితో కలిపి.

"సోమవారం యశ్వంత్‌కు ఇచ్చేస్తాండామమ్మా. మీరు వద్దన్నారంట కదా," అన్నాడు ఆదినారాయణ.

"ఎవురన్నారు సార్?"

"మీ ఇంటాయనే. మీరు ఫోన్ ఎత్తకుంటే ఆయనకు చేసినా. ఆమెకు కుదరదు, ఆమే చెప్పమనింది అన్యాడు."

తలుపు తట్టలేదు. అడగలేదు. వద్దన్నారని నొక్కేశారు. ఊరందరి దొంగ అటెంప్టులూ పట్టుకున్నదాన్ని, నా ఇంట్లో, నా పేరు మీద జరిగినదాన్ని పట్టుకోలేకపోయాను.

"నాకు కుదురుతాది సార్," అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినపడింది.

"అట్లయితే సోమవారం లోపల మీ ఆయనతోనే ఒక మాట చెప్పించండి. రేపొద్దున గొడవైతే నాకొద్దు."

నా పనికి నా మాట చాలదు. వద్దన్న నోరే సరేననాలి. ఆ నోరు నాకు తెలుసు, అది భోజనానికి తప్ప నా కోసం తెరుచుకోదు. ఇంటికొచ్చి చట్నీ రుబ్బుకుంటూ దిల్షాద్‌కు చెప్పుకొని ఏడ్చింది ఇదే.

ఆదివారం పొద్దున తలుపు తీస్తే ఖమర్‌బీ మల్లెపూలతో నిలబడి ఉంది. ఆమె వెనక వీధిలో సగం. సింహాద్రిపురం నుంచి మా ఆయన చిన్నాయన కొడుకు రామాంజులు కూడా మిఠాయి పొట్లంతో దిగాడు. మా ఆయన తెల్లచొక్కాలో ఉన్నాడు. దాన్ని ఆయనే ఇస్త్రీ చేసుకున్నాడు. ఇస్త్రీపెట్టె బరువెంతో పెళ్లయినాక ఆయనకు ఆ రోజే తెలిసినట్టుంది.

"రోజూ కంప్యూటరు ముందర కూచోని ఏందో చేస్తాంటే ఆఫీసు పనిలే అనుకుంటి," అంటోంది మా అత్త అందరికీ వినపడేలా. "పరీచ్చకు సదువుతాండింది, దొంగముండ! ఆర్టీఓ అయిందమ్మా నా కోడలు, జమ్మలమడుగు ఆర్టీఓ!"

"అదికాదత్తా..." అన్నాను.

"నువ్వుండు మే," అన్నాడు మా ఆయన. "నాకు ముందే తెలిసుండల్ల. ఆ ఆదినారాయణ సారు జమ్మలమడుగులో పోస్టు అంటే నేను మూటలు లెక్కబెట్టే పనేమో అనుకుంటి. గవర్నమెంటుదా అది!"

"మామా, నా మాట ఇను..." అన్నాను మా ఆయనతో.

"నువ్వుండు అంటి కదా."

రెండుసార్లు చెప్పబోయాను, రెండుసార్లూ ఆపారు. ఈ ఇంట్లో నా మాటకు అంతకంటే ఎక్కువ అటెంప్టులు ఎప్పుడూ లేవు. సరే, ఉన్నాను. ఉండి, విన్నాను.

"రోజూ జమ్మలమడుగు పోయి రావల్లంటే కష్టం కాదా?" అడిగింది ఖమర్‌బీ.

"ఏం దూరం? బస్సెక్కి కునుకు తీస్తే ఆడుండాది," అంది మా అత్త. పోయినేడు కడపలో ట్రైనింగుకు పోతానంటే, "నువ్వు బస్సెక్కితే ఈ ఇంట్లో పొయ్యెవురు ముట్టిస్తారు?" అన్నది ఈమే. "ఇంటి పని నేను సూసుకుంటా. వాడు సూసుకుంటాడు. వానికేం, చేతులు లేవా?"

"మరి నీ కూడెట్లా సుబ్బన్నా?" ఖమర్‌బీ నవ్వింది.

"క్యారియరుదేముందిలే అక్కా, ఓటల్లో తింటా. ఆమె కెరియరు ముఖ్యం గానీ."

ఆ రెండు మాటలకూ తేడా ఆయనకు తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు. నేను కడుగుతూ వచ్చిన ఆ గిన్నెలన్నీ ఒక్కసారి మోగినట్టయింది. కుదరదన్నది దూరం వల్ల కాదు, పొయ్యి వల్ల కాదు. నా పనికి వాళ్ల దగ్గర పేరు లేదు, అంతే.

అప్పుడే నా ఫోను మోగింది. ఆదినారాయణ. నేను అందుకునేలోగా మా ఆయన అందుకున్నాడు, ఎప్పట్లాగే. వీధికి వినపడాలని స్పీకరు కూడా పెట్టాడు.

"ఇంట్లో అడిగినారామ్మా?" అంది ఫోను.

"నేను సార్, సుబ్బరాయుణ్ణి. మా ఆమె జమ్మలమడుగు పోతాది. మొన్న వద్దనింది నేను సార్, ఆమె కాదు. ఆమెను నేను అడగనే లేదు. రేప్పొద్దున నేనే బస్సెక్కిస్తా."

"ఖాయమేనా అప్పా? మళ్లీ మాట మారిస్తే కష్టం."

"ఇంతమంది ముందర చెప్తాండా సార్!"

"సరే, ఆమె పేరే ఖాయం చేస్తాండా," అని ఫోను పెట్టేశాడు ఆదినారాయణ.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎవరో నా నోట్లో జిలేబీ పెట్టారు. చందన ఒక్కతే వాకిలి పట్టుకొని పెదవి కొరుక్కుంటూ నన్ను చూస్తోంది. ఆ మూడక్షరాలకు అర్థం ఆ ఇంట్లో నేను కాక తెలిసింది దానికొక్కదానికే.

"వదినా," అని దగ్గరికి జరిగాడు రామాంజులు, "నా ట్రాక్టరు లైసెన్సు అయిపోయి శానా దినాలాయ. నువ్వొక సంతకం..."

జిలేబీ మింగాను. నా గొంతు నాకు తిరిగొచ్చింది.

"లైసెన్సు నేనియ్యలేను రామాంజులూ. నేను ఆఫీసర్ను కాదు. మా కొరియర్లో ఆర్టీఓ అంటే పార్సిలప్పా. ఇంటోళ్లు వద్దంటే యాడనుంచి వచ్చిందో ఆడికే తిప్పి పంపుతాం చూడు, ఆ పార్సిలు. రిటర్న్ టు ఆరిజిన్. దాన్నే పొట్టిగా ఆర్టీఓ అంటాం. జమ్మలమడుగు హబ్బుకు పెద్దగా నన్ను రమ్మంటే, నన్నడక్కుండానే ఈ ఇంటినుంచి వద్దనేసినారు. నేను పుట్టింది జమ్మలమడుగే కదా. అందుకే నన్ను జమ్మలమడుగు ఆర్టీఓ చేసినారని దిల్షాదుతో చెప్పుకొని ఏడిస్తి. నువ్వు సరిగ్గానే వింటివత్తా. ఏడుపొక్కటే తప్పుగా వింటివి."

ఖమర్‌బీ పూలు పట్టుకున్న చెయ్యి కిందికి దించింది. రామాంజులు మిఠాయి పొట్లం వైపు చూశాడు, మళ్లీ కట్టొచ్చా లేదా అన్నట్టు.

"అంటే... ఆఫీసరు కాదా?" అంది మా అత్త.

"అట్లయితే ఇప్పుడు నేను ఫోన్లో పొమ్మనింది దేనికి?" మా ఆయన తెల్లచొక్కా కంటే తెల్లగా అయ్యాడు.

"ఆ హబ్బు పనికే మామా. వద్దనింది నువ్వేనని, నన్నడగలేదని, ఇంతమంది ముందర నువ్వే చెప్తివి. ఎవురూ నొక్కి చెప్పించలేదు. రేప్పొద్దున బస్సెక్కించడానికి నువ్వు రాకున్నా ఫరవాలేదులే. దారి నాకు తెలుసు. నేనొచ్చిన దారే."