అక్క దవడ

గోరువెచ్చని నీళ్ళలో మెత్తబడిన మైనాన్ని పాపయ్య దవడ అచ్చు తీసేందుకు పళ్ళసెట్టు లోపలివైపు పలచగా పరిచాడు.

"నోరు తెరువక్కా."

మునిలక్ష్మి దిండుకు ఆనుకుని లేచింది. తల్లి పోయిన పసివాడు పాపయ్యను, వేరుశనగలు తాను నమిలి నోట్లో పెట్టి సాకిన అక్క. మొగుడు పోయాక తమ్ముడి ఇంట్లోనే ఉంటోంది. పాపయ్య చిక్కపేటలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర ముప్పై ఏళ్ళుగా పళ్ళసెట్లు చేస్తున్నాడు. మెడ ముందుకు వంగిపోయింది, గోళ్ళ సందుల్లో సుద్ద వదలదు. అతనికి మనుషుల ముఖాలు గుర్తుండవు, దవడలు గుర్తుంటాయి.

అక్కకు ఎర్ర రబ్బరుతో ఈ సెట్టు చేసిచ్చి పదేళ్ళయింది. ఏటేటా అది వదులవుతూనే ఉంది. అతను ఏటేటా లోపల కాస్త రబ్బరు చేర్చి బిగిస్తూనే ఉన్నాడు.

"పళ్ళు అరిగిపోయినాయేమోరా."

"పళ్ళు కాదక్కా. నీ దవడే తగ్గిపోతా ఉండాది."

"దవడ యాడికి పోతాదిరా?"

"యాడికీ పోదు. పన్లేని ఎముకని ఒళ్ళే కరగదీసి రక్తంలో కలిపేసుకుంటాదంట. డాక్టరు చెప్పినాడు."

మునిలక్ష్మి దవడ తడుముకుంది. "అయితే ఇంటిదొంగే. ఈశ్వరుడు కూడా పట్టలేడు, నువ్వేం పడతావులే."

పాపయ్య బొటనవేలితో ఆమె చిగురు తడిమాడు. పోయినేడు గట్టులా తగిలిన చోటు ఇప్పుడు కత్తి అంచులా ఉంది. రెండు నెలల జబ్బు చెంపల్లో కండను కూడా తినేసింది. గంజి తప్ప ఏదీ లోపలికి పోవడం లేదు.

యుద్ధం మూలాన రబ్బరు కరువుగా ఉంది. డాక్టరును అడిగి ఒక ముక్క తీసుకున్నాడు. మధ్యాహ్నం అన్నం మానుకుని, దాన్ని మైనం అచ్చు ప్రకారం సెట్టులోకి కూరి, గట్టిపడేదాకా ఇనప పాత్రలో ఆవిరికి ఉడికించాడు. ఆకురాయితో అంచులు అరగదీసి, తన పెదవికి ఆనించి గరుకు లేదని చూసుకున్నాడు.

"ఇంత లోతు నింపినావే. ఏడాదికి మళ్ళీ వదులైపోతాది కదప్పా" అన్నాడు డాక్టరు.

"కానీండి సార్. మళ్ళీ నింపుతాను."

సాయంత్రం వస్తూ దారిలో ఒక జామకాయ కొన్నాడు. సెట్టు పెట్టుకుని మునిలక్ష్మి రెండుసార్లు పళ్ళు కలిపి చూసుకుంది.

"కదల్లేదురా."

కాయ కొరికింది. ఆ చప్పుడుకు పాపయ్య భార్య సరోజమ్మ వంటింట్లోంచి తొంగిచూసింది. మునిలక్ష్మి మెల్లగా, చాలాసేపు నమిలింది. సగం తిని, "ఉండనీ, పొద్దున తింటా" అంది.

తెల్లవారి కాఫీ తెచ్చిన సరోజమ్మ పిలిస్తే ఆమె పలకలేదు. పాపయ్య వచ్చి పక్కన కూర్చుని అక్క చేయి పట్టుకున్నాడు. రోజూ తీసి పడుకునే మనిషి, పళ్ళు పెట్టుకునే పోయింది. చెంపలు నిండుగా ఉన్నాయి. అతను సెట్టు తీయలేదు. తీయబోయిన వాళ్ళను తీయనివ్వలేదు.

కిటికీ గట్టుమీద సగం జామకాయ రంగు మారి ఉంది. కొరికిన చోట ఒక్కటీ తప్పకుండా పళ్ళ వరుస అచ్చుపడి ఉంది.