ఎముక సూది

పెట్టె మూత తీసేసరికి ఎముక సూది లేదు.

రత్నమాణిక్యం పెట్టెను వెలుతురులోకి జరిపి మళ్ళీ చూసింది. అది నర్సాపురం మిషను దొరసాని ఆమె అమ్మమ్మకు లేసు అల్లడం నేర్పి, వెళ్ళిపోతూ ఇచ్చిన పింగాణీ పెట్టె. మూత మీద గులాబీలు సగం చెరిగిపోయాయి. లోపల ముఖమల్ గుంటల్లో వేలికి తొడుక్కునే వెండి అంగుస్తానా, చిన్న కత్తెర, సూదుల గొట్టం ఎక్కడివక్కడే ఉన్నాయి. లేసు అల్లే ఆ కొక్కెపు ఎముక సూది గుంట ఒక్కటే బోసిగా ఉంది.

లేసు పని ఒప్పజెప్పిన పొరుగూరి రెబెక్కా పెళ్ళి రేపు పొద్దున్నే. పెళ్ళిముసుగు అంచుకు ఇంకా జానెడు లేసు మిగిలింది. సూది మారితే కన్నాలు మారిపోతాయి. ఏ సూదితో మొదలుపెడితే దానితోనే ముగించాలి. నలభై ఏళ్ళుగా అల్లుతోంది. మెడ వంగింది, చూపుడువేలు కాయ కాసింది. మాట మాత్రం ఏనాడూ తప్పలేదు.

"ఏవయ్యో, నా సూది చూశావా?"

అరుగు మీద బోదకాలు చాపుకుని కూర్చున్న మొగుడు ఏసుపాదం తలెత్తలేదు. "నాకెందుకే సూదులూ దబ్బనాలూ! నీ గుండె నీరసంగా ఉంది, కదలకుండా పడుకోమని డాక్టరుగారు చెప్పారా లేదా?"

"నేను పడుకుంటే పెళ్ళికూతురు దుప్పటి కప్పుకుని వెళ్తుందా చర్చికి?"

చాపలు దులిపింది. బియ్యం డబ్బా బోర్లించింది. నిన్న లేసు చూడ్డానికొచ్చిన పక్కింటి వీరమ్మ గుర్తొచ్చి, వాళ్ళ గుమ్మంలో నిలబడి అడిగేసింది.

"నీ సూది నాకెందుకమ్మా, నోరు కుట్టుకోడానికా?" వీరమ్మ గొంతు లేచింది. వీధంతా పోగైంది. "బైబిలు తే! చెయ్యేసి చెబుతాను!"

అరుగు మీద ఏసుపాదం నోరు తెరిచాడు. మళ్ళీ మూసుకున్నాడు.

నిన్న సాయంత్రం కొలత చూడ్డానికి రెబెక్కా వాళ్ళింటికి పెట్టె పట్టుకెళ్ళిన సంగతి అప్పుడు తట్టింది రత్నమాణిక్యానికి. ఇంటికి తిరిగి రాకుండానే అటునుంచటే కాలవగట్టు ఎక్కింది. మూడు మైళ్ళు. రోహిణీకార్తె ఎండ. కాలవకు నీళ్ళు కట్టేసి నెల రోజులైంది, అడుగున బురద పెళ్ళలుగా బీటలు వారి ఉంది.

అక్కడా లేదు. మజ్జిగ తాగి వెళ్ళమన్నా ఆగలేదు. తిరిగొస్తూ సగం దారిలో తూము మీద కూలబడింది. కళ్ళు మూతలు పడుతున్నా ఒళ్ళో వేళ్ళు, లేని దారంతో లేసు అల్లుతూనే ఉన్నాయి. కాసేపటికి ఆగిపోయాయి.

నాలుగింటికి ఊపిరి ఆగిన ఆమెను రిక్షాలో తెచ్చి అరుగు మీద పడుకోబెట్టారు. అందరికంటే ముందు వీరమ్మే పరుగెత్తుకొచ్చి, తడిగుడ్డతో ఆమె మొహం తుడిచింది. ఏసుపాదం లుంగీ మడత విప్పి, ఎముక సూదిని వీరమ్మ చేతిలో పెట్టాడు.

"నేనే తీశాను వీరమ్మా. ఒక్కపూటైనా నడుం వాలుస్తుందని తీశాను. నువ్వు బైబిలు తెమ్మన్నప్పుడే చెప్పేద్దామనుకున్నాను. నలుగురూ చూస్తున్నారని సిగ్గేసింది. ఇంటికి రానీ, మెల్లిగా చెబుదాంలే అనుకున్నాను."