వేరే గ్లాసు

సంపూర్ణమ్మగారికి కన్నీళ్ళు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. పోయిన సంవత్సరం నేను కువైట్ నుంచి తిరిగొచ్చి మా లూథరన్ గుడిలో సాక్ష్యం చెప్పినప్పుడు అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆవిడే. తొమ్మిదేళ్ళు అక్కడ ఒకరి ఇంట్లో వంట చేశాను. నేను వండింది తిన్నారు గానీ, నా గ్లాసు మాత్రం సింకు కింద ఫినాయిలు సీసా పక్కన పెట్టించారు. మనవాళ్ళకి రోగాలుంటాయట, చేతివాటం ఉంటుందట. వచ్చేసే రోజు పెట్టె బోర్లించి లోపలి బట్టలు కూడా దులిపి చూశారు. అది చెబుతుంటే సంపూర్ణమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. "వాళ్ళు మనుషులేనా తల్లీ!" అని నన్ను కావలించుకుంది. నేను నమ్మాను.

మా మేడ మీద గదిలో నీమా అని టాంజానియా అమ్మాయి అద్దెకుంటోంది. కోరుకొండ రోడ్డులోని కాలేజీలో ఇంజినీరింగ్ చదువుతోంది. వాళ్ళు కూడా తాతల నాటి నుంచీ లూథరన్లే. తెలుగు అంతంత మాత్రమే అయినా, ఆరాధనలో ఎక్కడ లేవాలో, ఎక్కడ మోకరించాలో మా వాళ్ళకంటే దానికే బాగా తెలుసు. వచ్చిన కొత్తలో వెళ్ళిన వేరే గుడిలో జనం గుచ్చి గుచ్చి చూస్తుంటే మానేసింది. ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షారసం తీసుకుని ఏడు నెలలైంది. ప్రతి ఆదివారం వాళ్ళమ్మ ఫోన్ చేసి అదే అడుగుతుంది, ఇది మాట దాటేస్తుంది. ఈ వారం మా గుడిలో బల్ల ఉందని చెబితే, "అమ్మకి నిజం చెప్పొచ్చు ఆంటీ" అని గంతులేసింది.

మా వీధిలో దాని గురించి అనని మాట లేదు. గంజాయి అంట, ఏవో జబ్బులంట. ఎవరు చూశారని అడిగితే ఒక్కరూ నోరు విప్పరు.

శనివారం సాయంత్రం గుడి తుడవడానికి వెళ్ళాను. సంపూర్ణమ్మగారు బల్ల పాత్రని మెత్తని గుడ్డతో తుడుస్తోంది. మా గుడిలో ద్రాక్షారసానికి అందరికీ ఒకటే పాత్ర. కరోనా రోజుల్లో చిన్న చిన్న ప్లాస్టిక్ గ్లాసులు పెట్టారు. అవి తీయించేదాకా నిద్రపోనిది ఆవిడ భర్త సుకుమార్ గారే, మా సంఘపెద్ద. "ఒకే పాత్రలో తాగనప్పుడు ఒకే సంఘం ఎలా అవుతామండీ!" అని మీటింగులో కేకలేశాడు.

"కృపా, రేపు బల్లకి ఆ పిల్లని చివరి వరసలో తీసుకురామ్మా" అంది సంపూర్ణమ్మగారు.

"ఎందుకండీ?"

"నీకు తెలీదా ఏంటి? నాకేం పట్టింపు లేదనుకో. అందరూ మనలా ఉండరు కదా. పైగా రేపు మా దేవకుమారి కోసం ప్రార్థన పెట్టుకున్నాం. గొడవలొద్దమ్మా."

దేవకుమారి వాళ్ళమ్మాయి. నర్సు ఉద్యోగానికి గురువారం మస్కట్ వెళ్తోంది.

తొమ్మిదేళ్ళు "సరే మేడమ్" అని అరిగిపోయిన నోరు కదా, "సరేనండి" అనేసింది. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

ఆదివారం చివరి వరసలోనే వెళ్ళి మోకరించాం. నా పక్కన నీమా, దాని తర్వాత ఇంకెవరూ లేరు. మా పాస్టరు డేనియల్ అయ్యగారు అందరికీ రొట్టె ఇచ్చారు. పాత్ర నాదాకా వచ్చింది, తాగాను. ఆయన పాత్ర అంచు గుడ్డతో తుడిచి, నీమా వైపు రాకుండా వెనక్కి తిరిగారు. సుకుమార్ గారు పళ్ళెం పట్టుకొచ్చాడు. అందులో ఒకే ఒక్క ప్లాస్టిక్ గ్లాసు ఉంది. కరోనా నాటిది, పెట్టెలోంచి వెతికి తీసినట్టున్నారు.

నీమా గ్లాసు వంక చూసింది, నా వంక చూసింది. చేతులు వెనక్కి లాక్కుంది.

"ఇది కాదు అయ్యగారూ. అది" అని పాత్ర చూపించింది.

అయ్యగారు సుకుమార్ గారి ముఖం చూశారు. దేవుడి పాత్ర చేతిలో ఉండగా మనిషి ముఖం చూశారు! నాకు ఇక ఆగలేదు. లేచి నిలబడ్డాను.

"ఎవర్ని అడుగుతున్నారండీ? పాత్ర ఈయనదా? పోయినేడాది నా గ్లాసు గురించి చెబితే గుడంతా ఏడ్చారు కదండీ! సింకు కింద పెట్టినవాళ్ళు పాపాత్ములు, పళ్ళెంలో పెట్టి తెచ్చిన మీరు పరిశుద్ధులా? నా సాక్ష్యం నాకు తిరిగిచ్చెయ్యండి! మీ ఏడుపులు నాకొద్దు!"

"కూర్చో కృపా, గుడి ఇది" అన్నాడు సుకుమార్ గారు.

"గుడి అనే తీసుకొచ్చానండి!"

నీమా మోకాళ్ళ మీద నుంచి లేవలేదు. చివరికి అయ్యగారు తల దించుకుని వచ్చి పాత్ర అందించారు. నీమా రెండు చేతులతో పట్టుకుని తాగింది. మిగిలింది పాస్టరే తాగడం మా గుడిలో ఆచారం. ఆయన ఒక్క క్షణం ఆగి తాగేశారు.

తర్వాత దేవకుమారిని ముందుకు పిలిచి ప్రార్థన చేశారు. పరాయి దేశంలో ఈ బిడ్డని చిన్నచూపు చూడకుండా కాపాడు ప్రభువా అన్నారు. అందరూ ఆమెన్ అన్నారు. నీమా కూడా అంది, గట్టిగా.

నేను పళ్ళెంలోని గ్లాసు తీసుకుని, కూతురి పక్కన నిలబడ్డ సంపూర్ణమ్మగారి చేతిలో పెట్టాను.

"ఇది దేవకుమారి పెట్టెలో సర్దండి. అక్కడ ఎలాగూ వేరే గ్లాసు ఇస్తారు. మన గుడిదైతే కొత్తగా అనిపించదు."

దేవకుమారి తల్లి వైపు తిరిగింది. "అమ్మా, ఈ గ్లాసు పెట్టెలోంచి నువ్వే తీయించావా?"

సంపూర్ణమ్మగారు గ్లాసుని కొంగు చాటున దాచుకుంది. ఈసారి ఆవిడకి ఏడుపు రాలేదు.