కొత్త ఆవు వచ్చాక

పాలు బకెట్లో పడే చప్పుడు తప్ప కొట్టంలో ఇంకే చప్పుడూ లేదు. పదకొండు ఆవులున్న చోట ఒక్కటీ నెమరు వేయడం లేదంటే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. నేను అసలే పిరికిదాన్ని. కుక్కరు రెండు కూతలు ఎక్కువ వేసినా ఏదో కీడు ముంచుకొస్తోందనుకునే మనిషిని.

కొత్త ఆవు వచ్చి రెండు నెలలు. సంతలో కొన్న రోజే మా ఆయన దాన్ని మిగతావాటి మధ్యన కట్టేశారు. కొత్త పశువును నెలరోజులు విడిగా ఉంచి రక్తపరీక్ష చేయించాలని పశువుల డాక్టరమ్మ ఎప్పుడో చెప్పింది. అది గుర్తుచేస్తే, "కొత్త కోడలొస్తే నెలరోజులు విడిగా కూర్చోబెడతామా? నిన్ను కూర్చోబెట్టామా?" అని నవ్వారు. నిజమే, కూర్చోబెట్టలేదు. మర్నాడే పేడతట్ట చేతికిచ్చారు.

మూడో వారంలో దాని పక్క గుంజకున్న చూడి ఆవు ఈసుకుపోయింది. ఏడో నెలలోనే చచ్చిన దూడను పడేసింది. పదిహేను రోజులకి ఆ పక్కది. వరస తప్పకుండా, ఎవరో ఒక్కో గుంజా దాటుకుంటూ వస్తున్నట్టు. మాయ పడకపోతే ఉత్తచేతులతో నేనే లాగాను, దూడల్ని నేనే పూడ్చాను. కొత్తది మాత్రం నిగనిగలాడుతూ, దూడ పడ్డ ఆ తడి నేల మీదికి మెడ సాచి వాసన చూసేది.

"నీ చేతిలోనే ఏదో ఉంది. అంత బెదురుతూ ముట్టుకుంటే వాటి కడుపు నిలుస్తుందా?" అన్నారు అత్తగారు. సంతలో పలుపు పట్టుకున్న కొడుకు చెయ్యి ఆవిడకి కనపడలేదు. అప్పట్నుంచే సాయంత్రమయ్యేసరికి నాకు జ్వరం, కీళ్లలో సలుపు. పొద్దుటికి ఏమీ ఉండదు. "పని చూసుకుని మరీ వస్తుందే నీ జ్వరం!" అని ఆయన ఎగతాళి. నిజంగానే నా చెయ్యి మంచిది కాదేమోనని ఎన్నిసార్లు సబ్బుతో తోముకున్నానో.

ఇవాళ పొద్దున నేను పితుకుతుండగా మా అమ్మాయి కొట్టంలోకి వచ్చింది. దానికిప్పుడు ఐదో నెల. నిన్ననే అత్తారింటి నుంచి మా ఇంటికి వచ్చింది. అది లోపల అడుగు పెట్టగానే పదకొండు తలలూ ఒక్కసారే తిరిగాయి. కొత్త ఆవు మెడ సాచి, తీరిగ్గా, నా బిడ్డ పొట్ట వాసన చూసింది.

"అమ్మా, గుమ్మపాలు పొయ్యి. కాచకుండా అలాగే తాగితే బలమంట, నానమ్మ చెప్పింది."

దాని చేతిలో గ్లాసు లాక్కున్నాను. "బయటికి నడు. ఈ పాలు ముట్టుకోకు."

"ఏమైందమ్మా, అలా చూస్తావేం?"

వెనకనుంచి ఆయన. "మొదలెట్టావూ? పాలకేంద్రంలో తెలిస్తే మన పాలు పోయించుకుంటారా? నోరు మూసుకుని పితుకు."

ఇరవై నాలుగేళ్లుగా అదే చేశాను. నావన్నీ వెర్రి భయాలంటే నమ్మాను. కానీ ఇదంతా నేను కళ్లారా చూసిందే కదా. కొత్తది రావడం, పక్కది ఈసుకుపోవడం, ఆ పక్కది ఈసుకుపోవడం, నాకు జ్వరం రావడం. ఎవరైనా ఒక్కసారి కూర్చోబెట్టి అడిగుంటే వరసగా చెప్పేదాన్ని.

ఆయన చూస్తుండగానే బకెట్టు పేడగుంటలో వంచేసి, ఫోను తీశాను.

"డాక్టరమ్మా, మావి రెండు ఈసుకుపోయాయి. మీరొచ్చి అన్నిటికీ రక్తం తియ్యండి. వాటి రోగమే నాకూ అంటిందేమో, నా రక్తం పరీక్షకిద్దామని ఆసుపత్రికి వెళ్తున్నాను. పాలకేంద్రానికీ నేనే చెప్తాను. ఇంట్లో కడుపుతో ఉన్న పిల్ల ఉంది."

అటునుంచి ఆవిడ అడిగింది. "మీవారు ఒప్పుకున్నారా?"

"ఆయన్ని అడగలేదమ్మా. ఇక్కడే నిలబడి వింటున్నారు."