అఖిల పెట్టిన పేరు

మనవరాలి చేత మాట పలికించి తీరతానని మైసమ్మ పట్టిన పట్టు సంగతి మొయినాబాద్ చుట్టుపక్కల పూలతోటల్లో పనిచేసే ఆడవాళ్లందరికీ తెలుసు. ఆమె ఒకపట్టాన దేన్నీ వదిలే మనిషి కాదు. పెనిమిటి పోయాక కూలి చేసి ఒంటిచేత్తో కొడుకును పెంచింది. అప్పటి నుంచీ ఆ ఇంట్లో ఆమె అన్నదే మాట. కొడుకు పరమేష్ మొయినాబాద్ నుంచి చిల్కూరుకు ఆటో నడుపుతాడు. గుడికి వచ్చేవాళ్లతో పొద్దంతా బేరాలాడి ఇంటికొచ్చేసరికి అతనిలో తల్లితో వాదించే ఓపిక మిగలదు. కోడలు పూర్ణిమకు ఓపిక ఉంది గానీ, ఆమెను అడిగేవాళ్లు లేరు.

అఖిలకు ఐదేళ్లు నిండాయి. పుట్టుకతోనే చెవులు వినిపించవు. నగరంలోని పెద్ద దవాఖానలో పరీక్షలన్నీ చేసి, చెవికి మిషన్ పెట్టినా ఫలితం అంతంతమాత్రమేనని చెప్పి పంపారు. మైసమ్మ అదంతా శ్రద్ధగా విని, తనకు కావలసినంత వరకే తీసుకుంది. చెవులు పనిచేయకపోతే పోనీ, నాలుకకేమైంది? నాలుక నిక్షేపంగా ఉంది. ఐస్‌ఫ్రూట్ తినేటప్పుడు తను చూడలేదా ఏమిటి?

అసలు లోపం ఎక్కడుందో ఆమెకు తెలుసు. పిల్ల పుట్టినప్పుడు చేవెళ్ల అంగడిలో వసకొమ్ము కొని, అరగదీసి, నాలుకకు రాయడానికి కొంగులో దాచుకుని దవాఖానకు పోయింది. వార్డులో నర్సమ్మ చూసి, పసిపిల్ల నోట్లో ఏమీ పెట్టకూడదని కేకలేసి బయటికి పంపింది. పరమేష్‌కు వస రాస్తే ఏడాది తిరక్కుండానే వాగుడు మొదలుపెట్టాడు. దీనికి రాయలేదు, దీనికి రాలేదు. మైసమ్మ లెక్కలో మాట అనేది అన్నం లాంటిది. పెద్దవాళ్లు పెడితే పిల్లలకు ఉంటుంది, లేకపోతే లేదు. తర్వాత ఇంట్లో ఎన్నిసార్లు రాసినా ఫలితం లేకపోయేసరికి, అదను దాటిపోయింది కనుక వేరే దారి చూడాలనుకుంది.

ఆ దారి చూపింది రుక్మిణమ్మ. మైసమ్మ, పూర్ణిమ ఇద్దరూ పనిచేసే గులాబీ తోట ఆమెదే. కూలీలంతా ఆమెను పటేలమ్మ అంటారు. ఆమె మనవరాలు సమతకూ చెవులు వినిపించవు. హైదరాబాద్‌లో తల్లిదండ్రుల దగ్గర ఉంటూ మాటలు నేర్పే క్లాసుకు పోతుంది. అక్కడ చేతులతో సైగలు చేయనివ్వరట, చేతులు ఆడిస్తే నాలుక బద్ధకిస్తుందట. రుక్మిణమ్మ మాటవరసకు అన్న ఈ సంగతిని మైసమ్మ ఇంటికి మోసుకొచ్చి శాసనం చేసేసింది. అఖిల చేతులకు ఇక ఎవరూ జవాబివ్వకూడదు.

అఖిలకు దప్పికైతే బొటనవేలు పెదవికి ఆనిస్తుంది. మైసమ్మ గ్లాసు నిండా నీళ్లు పట్టి, పిల్లకు చూపించి, చటుక్కున వీపు వెనక దాచేది. "నీళ్లు. అను బిడ్డా, నీ...ళ్లు" అని పెదవులు సాగదీసేది. పిల్ల మళ్లీ బొటనవేలు ఆనించేది. అప్పుడు మైసమ్మ గడ్డం పైకెత్తి ముఖం పక్కకు తిప్పుకునేది. పిల్ల కాసేపు చూసి, ఏడవకుండా, తల్లి దగ్గరికి నడిచేది.

"దానికి దూపైతున్నది అత్తమ్మా, ఇయ్యరాదు?" అనేది పూర్ణిమ.

"ఇస్త. ఒక్క మాట అననియ్యి, బిందెడిస్త. అన్నీ చేతులకే దొరికితే నోరెందుకు తెరుస్తది? నడుమ నువ్వే అడ్డమొస్తున్నవ్."

"సిటీల గసుంటి పిల్లల బడి చూసొచ్చిన గద. గాడ చేతులతోనే చదువు చెప్తరు. జూన్‌ల తీసుకుంటమన్నరు."

"చేతులతోని చెప్పేదేందే? గదొక భాషనా? కోతులు గూడ చేతులాడిస్తయి. అవ్వా అని ఒక్కపారి పిలవనియ్యి, అటెన్క ఏ బడికంటే ఆ బడికి నేనే తోల్కపోత."

ఆ ఒక్క పిలుపు కోసం ఆమె ప్రాణం కొట్టుకులాడేది. ఎదురింటి పిల్లలు వాళ్ల అవ్వను పిలిచినప్పుడల్లా చేతిలో పని వదిలేసి అటు చూసేది. పిల్ల మీద ఆమెకు కోపం రవ్వంత కూడా లేదు. ముఖం తిప్పుకున్న ప్రతిసారీ మందు చేదుగానే ఉంటుందని తనకు తాను సర్దిచెప్పుకునేది.

ఎండాకాలం వచ్చి అంగన్‌వాడీ మూసేశారు. అఖిలను ఇంట్లో ఒక్కదాన్నే వదల్లేక తోటకు తెచ్చుకోసాగారు. అదే వారంలో సమత సెలవులకు నాయనమ్మ దగ్గరికి దిగింది. ఏడేళ్ల పిల్ల. చెవి వెనక మిషన్ ఉంటుంది. నాయనమ్మ అటు తిరగ్గానే తీసి జేబులో వేసుకుంటుంది.

మొదటి రోజు ఇద్దరూ పూలు కట్టే షెడ్డులో చెరో మూలా నిలబడి ఒకరినొకరు చూసుకున్నారు. కొత్త మేకపిల్లను మందలోకి తోలినప్పుడు కూడా అంత అనుమానం ఉండదు. తర్వాత అఖిల గోడ మీది బల్లిని చూపించి, రెండు వేళ్లతో దాని నడక నడిపించింది. సమత నవ్వి, అదే నడకను ఇంకాస్త వంకరగా నడిపించింది. అంతే. ఆ తర్వాత పొద్దుగూకేదాకా వాళ్లను విడదీయడం ఎవరి తరమూ కాలేదు. మైసమ్మ కోపంగా లేచింది గానీ, పక్కనున్నది పటేలమ్మ మనవరాలాయె. గదమాయిస్తే తన పని ఊడుతుంది. పళ్లు కొరుక్కుంటూ కూర్చుని, గులాబీ మొగ్గలు విచ్చుకోకుండా వాటికి జాలీ టోపీలు తొడగసాగింది.

రోజులు గడిచేకొద్దీ ఆ చేతుల వేగం పెరిగింది. మొదట్లో బల్లి, కుక్క, అన్నం అని మైసమ్మకు కూడా కొన్ని అందేవి. తర్వాత ఆమె చూపు ఒకదాన్ని పట్టుకునేలోపు నాలుగు దాటిపోయేవి. పొడుగ్గా చేసే సైగలు పొట్టివయ్యాయి. ఒకరు చేస్తుంటే ఇంకొకరు ఆగేవారు. మధ్యలో అడ్డుపడేవారు, అలిగేవారు, బతిమాలుకునేవారు.

ఒకనాడు సమత నాయనమ్మతో చేవెళ్లలో పెళ్లికి పోయింది. ఆ రోజే షెడ్డులోకి కోతి దూరి, పూర్ణిమ సద్దిడబ్బా ఎత్తుకుపోయి రేకుల మీద కూర్చుని తిన్నది. మర్నాడు సమత రాగానే అఖిల ఆ కథంతా చెప్పడానికి కూర్చుంది. ఒక చేయి కోతి అయింది, ఇంకో చేయి డబ్బా అయింది. ఎక్కడి నుంచి దూకింది, ఎవరు అరిచారు, ఎవరు చీపురు విసిరారు, అది ఎవరికి తగిలింది, అన్నీ వరసగా వచ్చాయి. నడుమ సమత ఏదో అడిగింది. అఖిల తల అడ్డంగా ఊపి, వెనక్కి పోయి, ఆ ముక్క మళ్లీ చెప్పింది. మైసమ్మ చేతిలోని మొగ్గ చేతిలోనే ఉండిపోయింది. నిన్నటి కోతి ఇవాళ ఎక్కడా లేదు. లేనిదాన్ని ఈ పిల్ల ఇంకొక పిల్ల కళ్ల ముందు నిలబెట్టింది. మాటలున్న మనుషులు చేసేదీ అంతకంటే ఏముంది?

మధ్యాహ్నం రుక్మిణమ్మ వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంటే మైసమ్మ అడగనే అడిగింది.

"పటేలమ్మా, మీ సమతకు గీ చేతుల మాటలు క్లాసుల నేర్పిన్రా?"

"ఏడ నేర్పుతరు? చెయ్యి లేపితేనే ఊకోరు. మీ పిల్లనే దీనికి నేర్పిందనుకున్న. నువ్వు చెప్పినవేమో దానికి."

"నేనా! నేను దాని చేతుల దిక్కు చూడనే చూడకపోతి."

ఇద్దరు ముసలమ్మలూ కాసేపు పిల్లల వంక చూశారు.

"మరి ఎవలు నేర్పినట్టు పటేలమ్మా?"

"ఎవలు నేర్పలేదు. కడుపుల పడ్డప్పుడే తెచ్చుకున్నరు కావొచ్చు. ఇంకో మనిషి దొరికేదాక మూట ఇప్పలేదు, గంతే."

"పుట్టుకతోనే ఉంటే మరి మనం వస ఎందుకు రాస్తున్నం?"

"నాకేమెరుక? మా అత్త రాసింది, నేను రాసిన" అని రుక్మిణమ్మ తేలిగ్గా నవ్వేసింది. మైసమ్మకు నవ్వు రాలేదు. అన్నం ఎవరూ పెట్టకుండానే పిల్ల కడుపు నిండి ఉంటే, ఇన్నాళ్లూ తను దేనికోసం అంత కఠినంగా ఉన్నట్టు?

ఆ రోజు నుంచి ఆమె కళ్లు పిల్లల చేతుల మీదే ఉన్నాయి. అలా చూస్తుంటే ఒక సంగతి పట్టుబడింది. తను షెడ్డులోకి అడుగుపెట్టగానే ఇద్దరిలో ఒకరు కుడిచేతిని వీపు వెనక్కి పెట్టి, గడ్డం ఎత్తి, ముఖం పక్కకు తిప్పేవారు. ఒక్క క్షణమే. వెంటనే ఇంకొకరు ఆమె వైపు చూసేవారు. ఏదో ఆట అనుకుంది. ముచ్చటేసి, టోపీలు తొడుగుతున్న కోడల్ని అడిగింది.

"నన్ను చూస్తే గిట్ల చేస్తరేందే?"

"ఏం లేదత్తమ్మా" అంటూ పూర్ణిమ తల వంచుకుంది.

"ఏం లేకుంట ఎట్లుంటది? చెప్పు."

పూర్ణిమ చేతిలోని మొగ్గకు టోపీ తొడిగి, "అది నీ పేరు" అన్నది.

మైసమ్మ ముఖం విప్పారింది. "నా పేరా? నాకు పేరు పెట్టిందా అది? అంటే ఇన్నొద్దులూ నన్ను పిలుస్తున్నట్టేనా?"

"పిలుస్తున్నది. సమతకు నీ ముచ్చట్లు చెప్పేటప్పుడు గూడ గదే అంటది."

"ఇంత మంచి ముచ్చట చెప్పకుంట దాచుకున్నవేందే! ఏదీ, ఎట్లంటది?" అంటూ మైసమ్మ సంబరంగా కుడిచేతిని వీపు వెనక్కి పెట్టింది. గడ్డం ఎత్తింది. ముఖం పక్కకు తిప్పింది.

అలా తిప్పిన ముఖం వెంటనే వెనక్కి రాలేదు. ఎవరూ ఏమీ చెప్పనక్కర్లేకపోయింది. ఆ చేయి అక్కడికి ఎన్నిసార్లు పోయిందో ఆమె చేతికే తెలుసు. గ్లాసు ఒక్కటే లేదు. పూర్ణిమ లేచి రాబోతే, వద్దన్నట్టు తల ఊపి, మళ్లీ మొగ్గలు దగ్గరికి లాక్కుంది. సిగ్గుతో చచ్చిపోయింది. మాట కోసం ఎదురుచూస్తూ కూర్చుంది, వచ్చిన మాట ఇదీ.

సెలవులు ముగిసి జూన్ రాగానే సమతను తీసుకుపోవడానికి కారు వచ్చింది. కారు పోయాక అఖిల గేటు దగ్గరే నిలబడింది. తర్వాత షెడ్డులోకి వచ్చి ఖాళీ డబ్బాల నడుమ కూర్చుని, ఎదురుగా ఎవరూ లేకుండానే చేతులతో ఏదో మొదలుపెట్టి, సగంలో ఆపేసింది. రెండు చేతులూ తెచ్చి ఒళ్లో పెట్టుకుంది. నోరు నొక్కేసినట్టుంది ఆ కూర్చోవడం. మైసమ్మ అది చూడలేకపోయింది. చూడనట్టు ఉండనూ లేకపోయింది.

పోయి పిల్ల ఎదురుగా చతికిలబడింది. సమత అఖిలను పిలిచే తీరు ఆమె గమనించి పెట్టుకుంది. అఖిల నవ్వితే బుగ్గ మీద సొట్ట పడుతుంది. ఆ సొట్ట పడేచోట చూపుడువేలు పెట్టి తిప్పితే అది అఖిల పేరు. మైసమ్మ చుట్టూ ఒకసారి చూసి, ఎవరూ నవ్వడం లేదని తేల్చుకుని, బొటనవేలు దవడకు ఆనించి గట్టిగా తిప్పింది.

అఖిల కళ్లు పెద్దవయ్యాయి. తర్వాత ఒళ్లంతా ఊగేలా నవ్వింది. నవ్వుతూనే తల అడ్డంగా ఊపింది. కాదు. అట్లా కాదు. దగ్గరికి జరిగి, ముళ్లు గీరుకుపోయిన అవ్వ చేతిని పట్టుకుని, బొటనవేలు మడిచి, చూపుడువేలు సాపు చేసి, దవడ మీది నుంచి పైకి జరిపి సరైన చోట పెట్టింది. మెల్లగా తిప్పి చూపించింది. ఈసారి సరిగ్గా చేసేదాకా ఊరుకోలేదు.

మైసమ్మ ఒద్దికగా నేర్చుకుంది. చేస్తూ చేస్తూ ఆలోచించింది. కోతి చేతులాడిస్తే తప్పు పట్టేవాళ్లెవరూ ఉండరు. ఇక్కడ తప్పుంది, ఒప్పుంది, తప్పు చేస్తే దిద్దే గురువుంది. ఆ గురువుకు మాత్రం ఎవరూ నేర్పలేదు.

సాయంత్రం ఆటో ఆపి కాళ్లు కడుక్కుంటున్న కొడుకు దగ్గరికి పోయి, "రేపు గిరాకీ ఇడిసిపెట్టు. పిల్లను బడిల చేర్పిద్దాం" అన్నది. పరమేష్ చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. పూర్ణిమ పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది.

"నిజమేనా అత్తమ్మా?"

"నిజమే. దానికి మాట్లాడే మనుషులు గావాలె. నాకొక్క పేరు పట్టుబడెతందుకే పొద్దుగూకింది" అని, గొంతు తగ్గించి అడిగింది. "పూర్ణిమా, గాడ పిల్లలందరికీ మన ఇంటి సంగతులు చెప్తదేమొ గద?"

"చెప్తది."

"నన్ను గూడ గా పేరుతోనే చెప్తదా?"

పూర్ణిమకు అబద్ధం ఆడబుద్ధి కాలేదు. "దానికి నీ పేరు గదే గదత్తమ్మా" అన్నది.

మైసమ్మ గడప మీద కూర్చుంది. వాకిట్లో అఖిల ఆటో అద్దంలో ముఖం చూసుకుంటూ తన చేతులతో తనే ఆడుకుంటోంది. కాసేపటికి అవ్వ ఉనికి తెలిసి ఇటు తిరిగింది. చేయి వీపు వెనక్కి పోయింది, గడ్డం లేచింది, ముఖం పక్కకు తిరిగింది. కోపం లేదు, ఎగతాళి లేదు. పిల్ల అవ్వను పిలిచింది, అంతే.

"చెప్పనియ్యి, ఉన్నదే గద" అని కోడలితో అని, మైసమ్మ లేచి, పిలిచిన మనవరాలి దగ్గరికి పోయింది.